మాస్టారి గిటారుకు సన్నతీగలు

వైండింగమ్మ అన్నది ఆమెకు ఎవరో పెట్టిన పేరు కాదు, దానంతటదే పడిపోయిన పేరు. కాలిపోయిన మోటార్లకు మళ్ళీ రాగితీగ చుట్టే షాపులో ఆమె పెళ్ళికి ముందు నుంచీ పనిచేస్తోంది. ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ళ పంపులు, ఏది మాడినా చివరికి ఆమె బల్ల మీదికే చేరేది. నల్లబడిన తీగను ఊడబీకి, పొడిపొడిగా రాలే పాత కాగితాన్ని గీకేసి, మోటారు ఖాళీ గాడుల్లో కొత్త కాగితం మడిచి దోపి, కొత్త చుట్టలు ఒక్కొక్కటే కూర్చేది. తీగ మందం, అంటే గేజి, చూడటానికి షాపులో కొలత పరికరం ఉంది గానీ ఆమెకు దాని అవసరం ఉండేది కాదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీగను ఒక్కసారి జారనిచ్చి నంబరు చెప్పేసేది. ఓనరు మొదట్లో నమ్మక తానూ కొలిచి చూసుకునేవాడు. కొన్నాళ్ళకు విసుగొచ్చి మానేశాడు.

వేళ్ళకున్న తెలివిలో పిసరంత కూడా చెవులకు లేదు. పాట విషయంలో దేవుడు నీకు చెవులు అలంకారానికిచ్చాడే అని వాళ్ళమ్మ అనేది. చిన్నప్పుడు ఆమె జోల పాడితే నిద్రపోతున్న తమ్ముడు లేచి కూర్చునేవాడట. అలాంటి మనిషికి గిటారు వాయించేవాడు మొగుడయ్యాడు.

ఆయన ఒక ఎండాకాలం మధ్యాహ్నం మాడిన టేబుల్ ఫ్యాను చంకలో పెట్టుకుని షాపులోకి వచ్చాడు. పొద్దున పూట ఇంట్లో గిటారు పాఠాలు చెప్పేవాడు, సాయంత్రాలు ఒక పెద్ద హోటల్లో, జనం భోంచేస్తుంటే మూలన కూర్చుని వాయించేవాడు.

"కాస్త త్వరగా చూడండి. ఫ్యాను లేకపోతే శిష్యులు రారు, శిష్యులు రాకపోతే నాకు ముద్ద దిగదు," అన్నాడు.

ఆమె పాత తీగ ముక్కను వేళ్ళ మధ్య జార్చి నంబరు చెప్పడం చూసి ఆయన నోరు తెరిచాడు. చొక్కా జేబులోంచి తెగిపోయిన గిటారు తీగ ఒకటి తీసి, "మరి ఇది చెప్పండి చూద్దాం," అన్నాడు.

ఆమె దాన్ని అటూ ఇటూ జార్చి చూసింది. "లోపలొక తీగ, దానిమీద ఇంకోటి చుట్టారు. మోటారుకి పనికిరాదు," అంది.

ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత ఆ ఫ్యాను చాలాసార్లు చెడిపోయింది. నిజానికి ఒక్కసారి కూడా చెడిపోలేదన్న సంగతి ఆమెకు తెలుసు, ఓనరుకీ తెలుసు. పెళ్ళయ్యాక ఆయన ఆమెను "గేజీ" అని పిలవడం మొదలుపెట్టాడు. ఊరందరికీ ఆయన మాస్టారు.

కాపురానికి వచ్చిన కొత్తలోనే గిటారుకు తీగలు మార్చే పని ఆమె చేతికొచ్చింది. ఆయన తీగలు బిగించాడంటే, మెడ చివర తిప్పే మరల దగ్గర చుట్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి, కొసలు ముళ్ళకంపలా బయటికి పొడుచుకొచ్చేవి.

"ఇదేం చుట్టడమండీ, కాకిగూడులా ఉంది," అని లాక్కుని తనే చుట్టింది. చుట్టు పక్కన చుట్టు, వేలు పెడితే గీత కూడా తగలనంత నున్నగా. ఇక ఆయన మళ్ళీ ఆ పని ముట్టుకోలేదు. తీగలు కొనుక్కురావడం కూడా మెల్లగా ఆమెకే అప్పజెప్పాడు, ఎందుకంటే తీగల షాపు ఆమె పనిచేసే వీధి చివరే ఉండేది.

అది రైలు పెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా ఉండే షాపు. తీగల పొట్లాలు ఒక గోడ నిండా కొక్కేలకు వేలాడేవి. షాపాయనకు రెండు కళ్ళజోళ్ళు, ఒకటి ముక్కు మీద, ఇంకోటి నుదుటి మీద. ఏది దేనికో ఆయనకే గుర్తుండేది కాదు. ఏ తీగ ఎలాంటిదో మొదట ఆమెకు చెప్పింది ఆయనే. గిటారు తీగల జతను అందులోని అన్నిటికంటే సన్నతీగ నంబరుతో పిలుస్తారట. పదమూడంటే లావు, పది అంటే బాగా సన్నం. లావువాటికి గొంతు పెద్దది, వేళ్ళను మాత్రం కోసేస్తాయి. సన్నవి వేలు పెడితే చాలు వంగుతాయి, గొంతూ అంతే చిన్నది. పచ్చగా మెరిసే కంచు తీగలు గలగలమంటాయి, కాస్త ఎరుపు తిరిగినవి నెమ్మదిగా మోగుతాయి, ఎక్కువ రోజులు మన్నుతాయి. చెమటకు తుప్పు పట్టకుండా పైన సన్నటి పొర వేసినవీ ఉన్నాయి. అవి మాస్టారికి గిట్టవు. "చేతికి తొడుగేసుకుని అన్నం కలిపినట్టుంటుంది," అనేవాడు.

మాస్టారు ఎప్పుడూ పదమూడే వాడేవాడు. హోటల్లో మైకు పెట్టనిచ్చేవాడు కాదు. "కంచాల చప్పుడు మీద నెగ్గాలి కదే," అని నవ్వేవాడు. ఆయన ఎడమచేతి వేళ్ళ కొనలు కాయలు కాసి, గోటితో కొడితే టక్‌మనేవి.

పిల్లలు పుట్టలేదు. కొన్నేళ్ళు ఆ బాధ ఇంట్లో మూడో మనిషిలా తిరిగింది, తర్వాత దాని ఊసు ఎత్తడం మానేశారు. పొద్దున్నే వచ్చే శిష్యుల గోలతో ఇల్లు నిండుగానే ఉండేది. అందరిలో పాతవాడు ఒక పోస్టుమాన్. పెళ్ళీ పిల్లలూ ఉన్న మనిషి. ఉత్తరాలు పంచడానికి పోయే ముందు రోజూ కాసేపు వచ్చి వాయించుకుని పోయేవాడు. ఏళ్ళ తరబడి నేర్చుకున్నా పెద్దగా వచ్చింది లేదు గానీ, రావడం మాత్రం మానలేదు.

మాస్టారికి యాభై దాటాక ఒక చలికాలం చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఎక్కువసేపు పట్టడం మొదలైంది. "చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి," అన్నాడు. ఎండలు వచ్చాయి, వేళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. టీ గ్లాసు కుడిచేత్తో పట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. చూపుడువేలు తీగలన్నిటి మీదా అడ్డంగా పరిచి నొక్కే చోట ఒకటో రెండో తీగలు మూగబోయేవి. శిష్యుల ముందు మాత్రం ఏదో కబురు చెప్పి ఆ చోటు దాటేసేవాడు.

ఒకరోజు బస్సులో పక్కపక్కన కూర్చున్నప్పుడు వైండింగమ్మ అలవాటుగా ఆయన ఎడమచెయ్యి పట్టుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ లేదు. అక్కడ గుంట పడింది. ఆమె ఆ గుంటను వేలితో తడిమి చూసింది. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఆ వారమే తీగలు మార్చాల్సి వచ్చింది. "పదమూడే తీసుకురా," అన్నాడాయన ఎప్పటిలాగే.

షాపులో పదమూడు పొట్లం మీద చెయ్యి వేసి, ఆమె అలాగే నిలబడిపోయింది.

"ఏంటమ్మా ఆలోచిస్తున్నారు?" అన్నాడు షాపాయన.

"వీటికంటే కాస్త మెత్తగా ఉండేవి ఇవ్వండి."

"మాస్టారికేనా?"

"ఆయనకే."

షాపాయన ముక్కు మీది కళ్ళజోడు తీసి నుదుటి మీదిది దించుకుని ఆమె మొహంలోకి చూశాడు. పన్నెండు పొట్లం తీశాడు. "మాస్టారు కనిపెట్టరంటారా?"

"నేను చుట్టి పెడితే ఎలా కనిపెడతారు? మీరు ఆ పదమూడు కవరొకటి ఖాళీది ఇవ్వండి చాలు."

ఆయన తెరిచి పడేసిన పదమూడు కవరొకటి సొరుగులోంచి వెతికి ఇచ్చాడు. ఆమె లెక్కలో తీగంటే వేళ్ళకు తెలిసేది. ఆ వేళ్ళకు ఇప్పుడు తెలివి తగ్గింది కాబట్టి తెలీదనుకుంది. వాయించేవాడికి తీగ మొదట చెవికి తెలుస్తుందన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.

ఆ సాయంత్రం కొత్త తీగలు ఎక్కించి ఇచ్చి, గుమ్మం దగ్గర నిలబడింది. మాస్టారు ఒకసారి మీటి ఆగాడు. ఇంకోసారి మీటాడు. కింది తీగలు రెండూ గిటారు మెడ మీది ఇనుప మెట్లకు తగిలి బుర్రుమన్నాయి.

"ఏంటండీ ఆ చప్పుడు?" అంది గుమ్మంలోంచే.

"వానలు కదా. చెక్కకి తేమ పట్టుంటుంది," అన్నాడాయన. తీగలు సరిచేసుకుని భుజాన గిటారు తగిలించుకుని హోటలుకు వెళ్ళిపోయాడు.

ఆమె గట్టెక్కాననుకుంది. ఆ తర్వాతి సారి అదే కవరులో పదకొండు వచ్చింది. మరికొన్నాళ్ళకు పది. ప్రతిసారీ ఆ బుర్రుమనే చప్పుడు పోవడానికి పోస్టుమాన్ గిటారు మెడలోని ఇనుప కడ్డీని తాళంతో తిప్పి సరిచేసేవాడు. "సార్, తీగలు..." అని ఒకసారి ఏదో అనబోతే మాస్టారు, "నువ్వు కడ్డీ తిప్పవయ్యా, తీగల సంగతి మా ఇంటావిడ చూసుకుంటుంది," అని కసిరాడు.

చెయ్యి మాత్రం ఏ తీగకూ మాట వినలేదు. పెద్దాసుపత్రిలో సూదులు గుచ్చి, కరెంటు పెట్టి, ఏవేవో పరీక్షలు చేశారు. చివరికి ఒక డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. చేతిని కదలమని చెప్పే నరాలు ఒకటొకటిగా చచ్చిపోతున్నాయట. ఈ చేత్తో ఆగదట. జబ్బు పేరు పొడుగ్గా ఉంది. అందులో వైండింగమ్మకు అందింది మొదటి ముక్క ఒక్కటే.

"మోటారా?" అంది.

"అవునమ్మా. కదలికను నడిపే నరాలని అలా అంటారు."

"అయితే అమ్మా, కాలిన తీగ తీసేసి కొత్తది చుట్టినట్టు... అలా ఏమైనా చెయ్యడానికుంటుందా?"

డాక్టరమ్మ నవ్వలేదు. చేతిలో కలం పక్కన పెట్టింది. "అలా వీలైతే ఎంత బాగుండేదమ్మా," అంది. "లేదు."

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు మాస్టారు అన్నాడు. "చూశావా గేజీ, నీకు చేతకాని మోటారు ఒకటి దొరికింది."

"ఊరుకోండి," అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది.

హోటలువాళ్ళు మర్యాదస్తులే. కొన్నాళ్ళు ఓపిక పట్టారు. ఒకరోజు మేనేజరు పక్కకు పిలిచి, కొంతకాలం విశ్రాంతి తీసుకోండి మాస్టారూ అన్నాడు. ఆ రోజు ఇంకా వెలుగుండగానే ఆయన ఇంటికొచ్చేశాడు. గిటారు భుజాన లేదు, రెండు చేతులా గుండెకు హత్తుకుని మోసుకొచ్చాడు. దాన్ని మంచం మీద పడేసినంత పని చేశాడు.

"ఇది పాడైపోయింది. దీని గొంతు పోయింది. ఇక పొయ్యిలోకే," అన్నాడు.

ఆమె తట్టుకోలేకపోయింది. "గిటారునేం అనకండి! దాని తప్పేం లేదు. నేనే చేశాను. పదమూడు కవర్లో పన్నెండు పెట్టి తెచ్చాను. తర్వాత పదకొండు. ఇప్పుడున్నవి పది. మిమ్మల్ని మోసం చేశాను, నన్ను తిట్టండి."

తిడతాడని కళ్ళు గట్టిగా మూసుకుంది. ఎంతకీ ఏమీ వినపడకపోతే తెరిచి చూసింది. ఆయన మంచం పట్టె మీద కూర్చుని ఆమెనే చూస్తున్నాడు.

"అవి పది అని నాకు తెలీదనుకున్నావా?"

"తెలుసా?"

"పన్నెండు వేసిన రోజే, మొదటి మీటులోనే తెలిసింది. అంత మాత్రం తెలీకపోతే ఇన్నేళ్ళు ఏం వాయించినట్టే?"

"మరి అప్పుడే అనలేదేం?"

"ఏమనను? గుమ్మంలో నిలబడి పరీక్ష రాసొచ్చిన పిల్లలా నా మొహమే చూస్తున్నావు. అబద్ధం ఆడటం చేతకాని మనిషివి. అంత కష్టపడి ఒకటి ఆడావు. పాడుచెయ్యబుద్ధి కాలేదు." గొంతు తగ్గించి అన్నాడు. "పైగా తేలిగ్గా ఉన్నాయి. మెత్తటి తీగలు నా వేళ్ళకి హాయిగా ఉన్నాయే. ఏడుపొచ్చింది అందుకే."

ఆ వానల మాట, చెక్కకు పట్టిన తేమ మాట ఆమెకు అప్పుడర్థమయ్యాయి. వెళ్ళి ఆయన పక్కన కూలబడింది. ఇద్దరిలో ఎవరు ముందు ఏడ్చారో, మధ్యలో నవ్వెందుకొచ్చిందో తర్వాత తలుచుకుంటే ఆమెకు తెలిసేది కాదు.

ఆ తర్వాతి ఆదివారం ఆయన గిటారు ఒళ్ళో పెట్టుకుని ఉత్త తీగలే మీటుతూ కూర్చున్నాడు. కుడిచెయ్యి ఇంకా చక్కగా ఆడుతోంది, ఎడమచెయ్యి మెడ మీద చచ్చిన పిట్టలా పడుంది. పెళ్ళయిన ఏడాది ఆయన ఒక చిన్న వరస కట్టుకున్నాడు. దానికి మాటలూ లేవు, పేరూ లేదు. హోటల్లో రోజూ చివర అదే వాయించి లేచేవాడు. ఇప్పుడు దాని కుడిచేతి సగం మాత్రమే వాయిస్తున్నాడు.

"ఇలా రా," అన్నాడు. "నీ ఎడమ చెయ్యి ఇటివ్వు."

"నాకు సంగీతం రాదు కదండీ."

"సంగీతం ఎవడడిగాడు? వేళ్ళు అడిగాను."

ఆయనకు ఎడమపక్కన కూర్చుంది. గిటారు మెడ ఆమె ఒళ్ళోకి వచ్చింది. ఆయన చెప్పిన తీగ మీద, చెప్పిన మెట్టు వెనక ఆమె వేలు నొక్కితే, ఆయన కుడిచేత్తో మీటాడు. మోగింది.

"ఇప్పుడు మూడోవేలు. నాలుగో తీగ, రెండో మెట్టు."

"రెండో గాడిలోనేగా?"

"గాడి కాదే బాబూ, మెట్టు!"

"ఏదో ఒకటి. పెట్టానా లేదా?"

మోటారులో ఏ చుట్ట ఏ గాడిలోకి పోవాలో గుర్తుపెట్టుకునే మనిషికి ఇది కష్టం కాలేదు. విని నేర్చుకోలేదు, వేళ్ళతోనే బట్టీ పట్టింది. షాపు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని కూర్చునేది. ఆయన తల ఊపితే వేళ్ళు మార్చాలి, భుజం కదిపితే ఆగాలి. ఒక చోట ఆయన మీటబోయి ఊపిరి పీల్చుకున్నంత సేపు ఊరికే ఆగేవాడు. మొదట్లో ఆమె అక్కడ తొందరపడి వేళ్ళు తీసేసేది. "ఉండవే, బస్సేమీ వెళ్ళిపోదు," అనేవాడు.

నేర్చుకోవడం ఒక ఎత్తు, వేళ్ళ మంట ఇంకో ఎత్తు. పది నంబరు తీగలు కూడా ఆమె వేలికొనలను కోశాయి. షాపులో రాగితీగ తగిలితే చురుక్కుమనేది. ఆయనకు కనపడకుండా ఎడమచెయ్యి పిడికిలి బిగించుకుని తిరిగింది. కంచం పట్టుకోవడం చూసి ఆయనే కనిపెట్టాడు.

"ఇన్నేళ్ళూ నా వేళ్ళకే తీగలు కొన్నావు. ఈసారి నీ వేళ్ళకి కొందాం పద," అన్నాడు.

అప్పటికే నడక తడబడుతోంది. పోస్టుమాన్ గిటారు మోస్తే, ఆమె ఆయన్ను పట్టుకుని బస్సెక్కించింది. షాపాయన ఆ ఇరుకులోనే స్టూలు వేసి కూర్చోబెట్టాడు. మాస్టారు చాలా ఏళ్ళకు వచ్చాడని రెండు కళ్ళజోళ్ళూ తీసి తుడుచుకున్నాడు.

"ఎవరికి మాస్టారూ తీగలు?"

"ఈవిడకి. నా ఎడమచెయ్యి ఈవిడే."

వైండింగమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. షాపాయన ముందు నైలాన్ తీగ తీసి చేతికిచ్చాడు. ఆమె వేళ్ళ మధ్య జార్చింది. "అబ్బ, వెన్నలా ఉంది. ఇవే ఇచ్చెయ్యండి."

"వద్దు," అన్నారు మగవాళ్ళిద్దరూ ఒకేసారి.

"ఏం?"

"ఇది ఉక్కు తీగల కోసం కట్టిన గిటారమ్మా," అన్నాడు షాపాయన. "దీని పైచెక్కను కదిలించే బలం నైలానుకి చాలదు. ముడి వేసి బిగించినా దిండు మీద కొట్టినట్టుంటుంది."

తర్వాత ఇంకో పొట్లం విప్పాడు. అందులోని లావు తీగల్లో లోపల ఉక్కు, దానికి పట్టుదారం, దానిపైన తళతళలాడే సన్నతీగ చుట్టి ఉంది. మామూలు వాటికంటే బిగువు తక్కువ. ఆమె కళ్ళు మూసుకుని చివరిదాకా జార్చింది. ఒక్క చుట్టయినా ఎగుడుదిగుడు లేదు. వేలికి మెత్తగా ఆనుతోంది.

"ఇవి బావున్నాయి. కానీ గొంతు?" అంది మొగుడి వైపు తిరిగి.

అక్కడే ఎక్కించి చూశారు. ఆమె నొక్కింది, ఆయన మీటాడు. షాపులో ఉన్నవాళ్ళంతా పని ఆపి చూస్తుంటే ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"బాగా తగ్గింది," అన్నాడు మాస్టారు. "ఇంట్లో ఇద్దరు మాట్లాడుకునేంత ఉంది. చాలు. ఇప్పుడు కంచాల మీద నెగ్గాల్సిన పనేముంది?"

ఆ తీగలతో వాళ్ళు ఆ వరసను మొదటి నుంచి చివరిదాకా వాయించగలిగారు. నత్తనడకే, అయినా ఎక్కడా తెగలేదు. పక్కవాటా వాళ్ళు గుమ్మంలో కుర్చీ వేసుకుని వినేవారు. చుట్టుపక్కల అందరూ జాలిపడుతున్న ఆ రోజుల్లో వైండింగమ్మ ఎవరికీ చెప్పుకోలేని సుఖంలో ఉంది. సాయంత్రమవుతుందంటే కొత్త పెళ్ళికూతురిలా గడియారం చూసుకునేది.

అది ఎక్కువ రోజులు సాగలేదు. తీగలు మీటే పిక్ బిళ్ళ చేతిలోంచి జారి గిటారు పొట్టలో పడిపోవడం మొదలైంది. పిక్ వదిలేసి బొటనవేలితో మీటాడు. తర్వాత ఆ బొటనవేలూ మొరాయించింది. ఒక సాయంత్రం ఆమె వేళ్ళు పెట్టి ఎదురుచూస్తోంది, ఆయన చెయ్యి తీగల మీద ఉంది, మోత రాలేదు. ఆమె వేళ్ళు తియ్యకుండా అలాగే కూర్చుంది.

"తీసెయ్యి గేజీ," అన్నాడు మెల్లగా. "అయిపోయింది."

మాస్టారి అక్క సంచి సర్దుకుని వచ్చేసింది. గట్టి మనిషి, గట్టి నోరు. "నువ్వు పనికి పో అమ్మాయ్, తమ్ముణ్ణి నేను చూసుకుంటా. చిన్నప్పుడు వీడికి అన్నం పెట్టింది నేనే, ఇప్పుడు పెట్టలేనా?" అంది. అన్నం మెత్తగా చిదిమి స్పూనుతో పెట్టేది, పొలమారితే వీపు నిమిరేది, వంటగదిలోకి పోయి గిన్నెలు గట్టిగా తోముతూ ఏడ్చేది.

పోస్టుమాన్ వేళ మార్చుకుని సాయంత్రాలు రావడం మొదలుపెట్టాడు. ఆయన మీటేవాడు, వైండింగమ్మ నొక్కేది, మాస్టారు కుర్చీలో ఒరిగి వినేవాడు. మాట ముద్దగా అయిపోయింది. తప్పు వస్తే కనుబొమలు ముడిచేవాడు. "వీడు కనుబొమలతో పాఠం చెబుతున్నాడు చూడండర్రా," అని అక్క అంటే నవ్వినట్టు పెదవి వంకర తిరిగేది.

చలి మొదలయ్యే రోజుల్లో ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. ఆసుపత్రిలో పొద్దున ఆయన ఏదో చెప్పబోతుంటే ఆమె నోటి దగ్గరికి చెవి పెట్టింది.

"మధ్యవేలు... వంచు," అన్నాడు.

చెయ్యి నొప్పి పెడుతోందేమోనని ఆమె ఆయన మధ్యవేలు పట్టుకుని మెల్లగా వంచింది. ఆయన కళ్ళతోనే కాదన్నాడు. చూపు ఆమె చేతి మీద నిలిపాడు. అప్పుడు తెలిసింది, ఆయన వంచమన్నది ఆమె వేలిని. తీగ నొక్కేటప్పుడు ఆ వేలు నిటారుగా పెడుతుందని పాఠంలో ఆయన ఎప్పుడూ అనే మాటే.

"వంచుతానండీ. ఈసారి వంచుతాను," అంది.

ఆ మధ్యాహ్నం ఆయన పోయాడు. అక్క పెద్దగా ఏడ్చింది. వైండింగమ్మ ఆయన ఎడమచెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని, నర్సు వచ్చి వదిలించేదాకా కూర్చుంది.

కర్మలన్నీ అయి జనం పలచబడ్డాక, ఒక సాయంత్రం పోస్టుమాన్ అలవాటు వేళకే వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. ఎందుకొచ్చాడో ఆయనకే తెలియనట్టుంది.

"రా బాబూ, కూర్చో," అంది. గిటారు తీసి ఆయన ఒళ్ళో పెట్టి, ఎడమపక్కన కూర్చుంది. ఆయన మీటాడు, ఆమె నొక్కింది. ఇద్దరికీ వరస బాగానే వచ్చు, ఎక్కడా తప్పు పోలేదు. సగం అయ్యాక ఆమె చెయ్యి తీసేసింది.

"ఏమైందమ్మా? తప్పు మీటానా?"

"లేదు బాబూ. నువ్వు సరిగ్గానే వాయిస్తున్నావు. ఆయన ఇక్కడ కొంచెం ఆగేవారు. నువ్వు ఆగలేదు."

"ఎంతసేపు ఆగాలో చెప్పండి, ఆగుతాను."

ఆమె చెప్పబోయింది. అంతలో మానుకుని, గిటారు ఆయన ఒళ్ళోంచి తీసుకుంది. "వద్దులే," అంది. "పొద్దుపోయింది, ఇంటికెళ్ళు. పిల్లలు ఎదురుచూస్తుంటారు."

ఒక ఆదివారం ఒక్కతే కూర్చుని ప్రయత్నించింది. ఎడమచేతికి అన్నీ తెలుసు. ఆయన తన కుడిచేతికి జతగా నేర్పిన చోట్లకు అది దానంతటదే పోయి కూర్చుంది. ఆమె కుడిచేతికి ఏమీ రాదు. మీటితే బరబరమంది. మళ్ళీ మీటింది, మళ్ళీ అంతే. ఆ రోజు ఆసుపత్రిలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. అక్క వచ్చి పక్కన కూర్చుని, ఆమె తల తన భుజానికి ఆనించుకుంది.

పనికి మళ్ళీ వెళుతోంది. ఎండలు ముదిరి, మాడిన ఫ్యాన్లు బల్ల నిండా పేరుకున్నాయి. ఒకరోజు ఇంటికి పోతూ తీగల షాపు ముందు ఆగింది.

"ఏం కావాలమ్మా?" అన్నాడు షాపాయన, లేచి నిలబడి.

"ఏమీ వద్దు. వాయించకుండా ఊరికే ఉంచితే గిటారుకేమైనా అవుతుందా?"

"ఎన్నాళ్ళు ఉంచుతారు?"

"తెలీదు."

"తీగలు అలాగే బిగించి ఉంచితే ఏళ్ళ మీద మెడ వంగుతుందమ్మా. రెండు మూడు తిప్పులు వదులు చెయ్యండి," అన్నాడు. "కూర్చోండి, మంచినీళ్ళు తాగి వెళ్ళండి." ఆమె కూర్చుని నీళ్ళు తాగి వెళ్ళింది.

ఆ ఆదివారం వంట అవుతుండగా గిటారును మంచం మీద పడుకోబెట్టి, ఒక్కొక్క మరా తిప్పింది. తిప్పిన కొద్దీ తీగ మూలుగుతూ కిందికి దిగింది. లావు తీగ దగ్గర చెయ్యి కాసేపు ఆగింది, తర్వాత అదీ తిప్పింది.

"ఏం చప్పుడే అది?" అంది ఆడపడుచు వంటగదిలోంచి.

"తీగలు వదులు చేస్తున్నా వదినా."

"ఎలాగూ వాయించేవాళ్ళు లేరు, పూర్తిగా తీసి పారెయ్యరాదూ?"

"తీసేస్తే మెడ వెనక్కి పోతుందేమో. కాస్త బిగువుండటం మంచిదనిపిస్తోంది."

ఆడపడుచు గరిటె చేత్తోనే వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. "సరే, రా. అన్నం చల్లారిపోతోంది," అని లోపలికెళ్ళింది.

వైండింగమ్మ గిటారును పెట్టెలో పెట్టి, క్లిప్పులు నొక్కి, మంచం కిందికి తోసింది. చేతులు కడుక్కుని వెళ్ళి, ఆడపడుచు ఎదురుగా కూర్చుంది.